అమ్మతో ఒక గడియ

పాఠ్యభాగ ఉద్దేశం: కౌమారంలో అడుగుపెట్టిన కుమారునికీ తల్లికీ మధ్య మాట ఎందుకు సన్నగిల్లుతుందో విచారించి, దానిని తిరిగి నిలుపుకొనే మార్గాలను వికారాబాదు, తాండూరు ప్రాంతాల జీవితం ఆధారంగా సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన పూర్వులు పగలును, రాత్రిని కలిపి అరవై గడియలుగా లెక్కించారు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. గంటలు, నిమిషాలు వచ్చి ఆ లెక్క మరుగునపడినా, గడియారమన్న మాటలో దాని జాడ నిలిచే ఉంది. అరవై గడియలు గల దినంలో పదహారేళ్ళ కుమారుడు తన తల్లితో కూర్చుని మనసు విప్పి మాట్లాడేవి ఎన్ని? ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం తరగతిలో ఈ ప్రశ్నను నేను ఏటా అడుగుతుంటాను. కొందరు నవ్వుతారు, కొందరు పక్కవారి ముఖం చూస్తారు. ఒక సంవత్సరం తాండూరు సమీప గ్రామం నుండి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "తిన్నవా అని అడుగుతది సార్, తిన్న అంట. అంతే" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అతడు మాత్రం నవ్వలేదు.

ఆ సమాధానంలో కోపం లేదు, ద్వేషం లేదు. నిత్యం జరిగే సంగతిని అతడు ఉన్నదున్నట్లు చెప్పాడు. బడి విడిచిన వెంటనే కొంగు పట్టుకొని ఆనాటి ముచ్చట్లన్నీ వినిపించిన పిల్లవాడు, మీసకట్టు వచ్చేనాటికి రెండు మాటలతో సరిపెడుతున్నాడు. తన పెంపకంలో ఏదో లోపం జరిగిందని తల్లి లోలోపల కుమిలిపోతుంది. తన చదువు గాని, తన స్నేహాలు గాని అమ్మకు అర్థం కావని కొడుకు ముందే నిశ్చయించుకుంటాడు. ఒకే కప్పు కింద నివసిస్తూ, ఒకే కుండలోని అన్నం తింటూ ఇద్దరూ ఎవరి లోకంలో వారు ఉండిపోతారు.

ఈ మౌనాన్ని చిన్న విషయంగా భావించరాదు. పరీక్షలో తప్పిన విద్యార్థి, తోటివారి ఎగతాళికి గురైన విద్యార్థి, భవిష్యత్తును తలచుకొని భయపడుతున్న విద్యార్థి తన బాధను చెప్పుకొనడానికి ఒక చోటు వెతుక్కుంటాడు. ఆ చోటు ఇంట్లో లేకపోతే బాధ లోపలే గడ్డకడుతుంది. లేదా మేలు కోరని వారి చెవిని చేరుతుంది. ముప్పది ఏళ్ళకు పైబడిన అధ్యాపక జీవితంలో నేను గమనించిన సత్యమిది: కష్టం వచ్చిన రోజున తల్లితో కొత్తగా మాట మొదలుపెట్టడం ఎవరికైనా కష్టమే. ఏ కష్టమూ లేని రోజులలో మాట్లాడుకొనే అలవాటున్న ఇంట్లోనే కష్టం వచ్చిన రోజున కూడా నోరు పెగులుతుంది.

ముందుగా ఈ వయసు స్వభావాన్ని తెలుసుకోవాలి. పది నుండి పందొమ్మిది ఏళ్ళ వరకు గల దశను ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా పరిగణిస్తున్నది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ ఈ దశను గురించి 1904లో రెండు సంపుటాల బృహద్గ్రంథం ప్రకటించాడు. అప్పటి నుండి ఈ విషయంపై ఎంతో పరిశోధన సాగింది. ముందు వెనుకలు ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికి, ఆవేశాన్ని అదుపులో ఉంచుకోవడానికి తోడ్పడే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత గాని పూర్తిగా పరిణతి చెందదని నేటి శాస్త్రం చెబుతున్నది. ఈ వయసులో నిద్రవేళ కూడా సహజంగానే ఆలస్యమవుతుంది. కాబట్టి అర్ధరాత్రి వరకు మేలుకొని ఉదయం లేవలేని పిల్లవాడిని సోమరి అనడానికి ముందు, అతని దేహంలో జరుగుతున్న మార్పును కూడా గుర్తించాలి. నేటి చేతి ఫోన్లు ఆ సహజమైన ఆలస్యాన్ని మరింత పెంచుతున్నాయన్నది వేరే సంగతి.

కుమారుడు దూరంగా జరగడం కూడా ఈ ఎదుగుదలలో భాగమే. తీగ పందిరిని పట్టుకొనే ముందు గాలిలో కొంతదూరం ఒంటరిగా చేయి చాస్తుంది. అది వేరును విడిచిపెట్టడం కాదు. మన నీతిశాస్త్రకారులు ఈ విషయాన్ని ఏనాడో గ్రహించారు. పసితనంలో లాలించాలనీ, ఆ తరువాత కొన్నేళ్ళు క్రమశిక్షణలో పెంచాలనీ, పదహారవ ఏడు వచ్చిన కుమారుని మిత్రునిగా చూడాలనీ వారి ఉపదేశం. ఆ ఉపదేశం తెలియని ఇల్లు లేదు; ఆచరించే ఇళ్ళే తక్కువ. మిత్రుడంటే ఎవరు? మనతో పాటు నడిచేవాడు, మనతో కలిసి పని చేసేవాడు. మిత్రుని ఎవరూ ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించరు.

ఇక మన ప్రాంతం వైపు చూద్దాం. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి వేరుపడి వికారాబాదు జిల్లా ఏర్పడింది. ఒకవైపు మూసీనది జన్మస్థానమైన అనంతగిరి కొండలు. మరొకవైపు కాగ్నానది ఒడ్డున, కర్ణాటక సరిహద్దుకు చేరువగా తాండూరు. తాండూరు నేల రెండు వస్తువులకు పేరు పొందింది. ఒకటి ఇళ్ళలో గచ్చుగా పరిచే నాపరాయి. రెండవది కంది. ఇక్కడి కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఈ బండను నునుపు చేసే యూనిట్లలోను, ఆ కంది పండే చేలలోను ఎందరో తల్లుల చెమట ఉన్నది. ఈ తరగతిలో కూర్చున్న మీలో అనేకులు ఆ తల్లుల బిడ్డలే.

ఆ తల్లి దినచర్యను ఒకసారి తలచుకోండి. కోడికూతకు ముందే లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, రొట్టెలు చేసి, డబ్బా కట్టి, పనికి పోతుంది. బండల ధూళిలోనో, చేని ఎండలోనో పగలంతా గడిపి, పొద్దు వాలిన తరువాత ఇల్లు చేరి మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. వికారాబాదులో ఉద్యోగస్తురాలైన తల్లి సంగతీ ఇంతకంటె మెరుగు కాదు. తెల్లవారుజామునే వంట ముగించి, హైదరాబాదు వెళ్ళే రైలు అందుకొని, రాత్రికి తిరిగి వస్తుంది. ఇటువంటి తల్లులను కూర్చోబెట్టి, 'మీ అబ్బాయితో నాణ్యమైన సమయం గడపండి' అని ఉపదేశించడం సులభం. ఆ సమయం ఎక్కడ నుండి వస్తుందో ఉపదేశకులు చెప్పరు.

దీనికి ఒక లెక్క ఉంది. మన దేశంలో ప్రజలు తమ కాలాన్ని ఎలా వినియోగిస్తున్నారో తెలుసుకోవడానికి జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒక సర్వే నిర్వహించింది. వంట, శుభ్రత వంటి జీతం లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందుకు వెచ్చించారు. పాల్గొన్న పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. అసలు ఆ పనులలో చేయి పెట్టినవారే స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. గడియలలో చెప్పాలంటే స్త్రీకి సుమారు పన్నెండున్నర, పురుషునికి నాలుగు. జీతానికి చేసే పని దీనికి అదనం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. తల్లి కుమారునికి సమయం ఇవ్వాలని అందరూ అంటారు. ఆ సమయాన్ని తల్లికి ముందుగా ఇవ్వవలసినవాడు కుమారుడే అని నేనంటాను. ఆమె పన్నెండున్నర గడియల చాకిరీలో ఒక్క గడియ పనిని మీరు అందుకొంటే రెండు మేళ్ళు కలుగుతాయి. ఆమె భారం తగ్గుతుంది. మీరిద్దరూ ఒకేచోట, చేతులకు పని ఉండి, నోరు ఖాళీగా ఉన్న స్థితిలో ఉంటారు. మాట పుట్టడానికి ఇంతకంటె అనువైన స్థితి లేదు. దీనికోసం దినానికి అరవై ఒకటో గడియను ఎక్కడి నుండో తేనక్కరలేదు. ఉన్న అరవైలోనే ఒకదానిని ఇద్దరిదిగా చేసుకుంటే చాలును.

ఉదాహరణకు జొన్నరొట్టె సంగతి చూడండి. మన ఇళ్ళలో ఇది నిత్యం జరిగే పని. పిండిని వేడినీళ్ళతో కలిపి బాగా మర్దించాలి. ముద్దను పీటమీద ఉంచి అరచేతితో తడుతూ గుండ్రంగా తిప్పాలి. పెనంమీద వేసి, పైన నీటితో తడిపి, సమయం చూసి తిరగవేయాలి. మర్దన చాలకపోతే అంచులు పగులుతాయి. తొందరపడితే రొట్టె చేతిలోనే విరుగుతుంది. చూడడానికి సులభంగా ఉన్న ఈ విద్య చేయబోతే గాని దాని కష్టం తెలియదు. రసాయన శాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకొనే కుమారుడు పెనం ముందు ఓడిపోతాడు. అక్కడ గురువు తల్లి, శిష్యుడు కొడుకు. ఇంట్లో తన విలువ తగ్గిపోయిందని భావిస్తున్న తల్లికి ఆ క్షణం ఎంత ఆనందాన్ని ఇస్తుందో మాటలలో చెప్పలేను.

కంది పంట విషయమూ అటువంటిదే. తొలకరి వానలకు విత్తిన కంది డిసెంబరు, జనవరి నెలలలో కోతకు వస్తుంది. సరిగ్గా అప్పుడే మీ వార్షిక పరీక్షలు దగ్గరపడతాయి. 'నువ్వు చదువుకో బిడ్డా, చేనికి రావద్దు' అని తల్లి అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, త్యాగం ఉంది. చదువును మానుకొని చేనికి పొమ్మని నేను చెప్పడం లేదు. అయితే సాయంత్రం ఆమె చేటతో కందులు చెరుగుతూ ఉన్నప్పుడు పక్కన కూర్చుని రాళ్ళు ఏరడానికి పరీక్షలు అడ్డురావు. ఏ మడిలో ఎంత పండింది, ఎవరికి ఎంత అప్పు ఉంది, ఈసారి ధర ఎలా ఉంది అన్న సంగతులు ఆమె నోట అప్పుడే వినబడతాయి. తన ఫీజు ఎక్కడ నుండి వస్తున్నదో తెలిసిన కుమారుని నడవడిలో వచ్చే మార్పు వంద ఉపన్యాసాలు విన్నా రాదు.

ఇప్పుడు తల్లుల వైపు నుండి ఆలోచిద్దాం. మాట కలపాలని ఆరాటపడే తల్లి సాధారణంగా చేసే పొరపాటు ఏది? దొరికిన కొద్ది సమయాన్నీ హితబోధకు వినియోగించడం. మహాభారతం ఉద్యోగపర్వంలో ఇద్దరు తల్లులు కనిపిస్తారు. వారి కథలను పక్కపక్కన ఉంచి చదివితే మనకు గొప్ప పాఠం లభిస్తుంది.

మొదటి తల్లి గాంధారి. శ్రీకృష్ణుడు రాయబారిగా వచ్చినప్పుడు దుర్యోధనుడు పెద్దల మాట వినక సభ విడిచి వెళ్ళిపోయాడు. ధృతరాష్ట్రుడు గాంధారిని సభకు పిలిపించాడు. కుమారుని తిరిగి రప్పించి, నిండు సభలో ఆమె హితం చెప్పింది. ఆమె చెప్పిన ప్రతి మాటా ధర్మమే. అయినా దుర్యోధనుడు ఆ మాటను లక్ష్యపెట్టక కోపంతో మళ్ళీ వెళ్ళిపోయాడు. అతని అహంకారమే దానికి ప్రధాన కారణమనడంలో సందేహం లేదు. అయితే పదిమంది ఎదుట, అందరూ తనను దోషిగా చూస్తున్న వేళ చెప్పిన హితవు ఎవరి చెవికి ఎక్కుతుంది? చుట్టాల ముందు, పక్కింటివారి ముందు, స్నేహితుల ముందు కుమారుని లోపాలను ఎత్తిచూపే తల్లులు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవాలి. 'వాళ్ళ అబ్బాయిని చూడు' అన్న ఒక్క పోలిక నెలల తరబడి మాటను ఆపివేయగలదు.

రెండవ తల్లి విదుల. ఈమె కథను కుంతీదేవి శ్రీకృష్ణునికి వినిపించి, తన కుమారులకు చెప్పమని కోరింది. విదుల కుమారుడు సంజయుడు సింధురాజు చేతిలో ఓడి, దిగులుతో పడుకొని ఉన్నాడు. తల్లి అతని పక్కన చేరి మాట్లాడింది. మాటలు పరుషంగానే ఉన్నాయి. కుమారుడు ఊరుకోలేదు. నీ గుండె ఇనుముతో చేసినదా అని ఎదురాడాడు. ఆమె అతని మాటను అడ్డుకోలేదు. విని, సమాధానం చెప్పింది. బలం లేదని, సాయం లేదని అతడు అన్నప్పుడు, అతనికి తెలియని ధనం తన వద్ద ఉన్నదని చెప్పి దారి చూపింది. చివరకు అతడు లేచి నిలబడ్డాడు.

ఆ కథలో వ్యాసుడు చెప్పిన సూక్ష్మమైన విషయం ఒకటి నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. తాను మధ్యమధ్య కొద్దిగా బదులు పలుకుతూ, తరచుగా మౌనం వహించింది తల్లి మాట ఇంకా ఇంకా వినాలన్న కోరికతోనే అని సంజయుడు చివర తెలుపుతాడు. తల్లులు ఈ మాటను మనసులో నిలుపుకోవాలి. కుమారుని మౌనం ఎల్లప్పుడూ నిర్లక్ష్యం కాదు. అతడు గది విడిచి పోకుండా అక్కడే ఉన్నాడంటే వింటున్నాడని అర్థం. గాంధారి నుండి విదుల వరకు గల దూరం ఎంత? ఒకరిది నిండు సభ, మరొకరిది ఏకాంతం. ఒకచోట తీర్పు ఉంది. రెండవచోట సంభాషణ ఉంది. ఎదురు చెప్పే అవకాశం ఉన్నచోటే కుమారుడు మాట వింటాడు.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం అబ్బాయిలకు తరచుగా కష్టంగా ఉంటుంది. పక్కపక్కన ఉన్నప్పుడు అదే మాట సులభంగా వస్తుంది. 1874లో ప్రారంభమైన వాడి - సికింద్రాబాదు రైలుమార్గం తాండూరు, వికారాబాదుల మీదుగానే సాగుతుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆస్పత్రికో, చుట్టాల ఇంటికో, కళాశాల పనిమీదనో తల్లీకొడుకులు కలిసి చేసే ఆ ప్రయాణం రెండు గడియల పాటు దొరికే వరం. కిటికీలో చేలు, చెట్లు వెనుకకు పోతుంటాయి. ఒకరి ముఖం మరొకరు చూడనక్కరలేదు. ఏ ప్రశ్న అడగకుండా కూర్చుంటే, కొంతసేపటికి కుమారుడే ఏదో ఒకటి మొదలుపెడతాడు. సెలవు రోజున అనంతగిరి మెట్లు, అడవిదారి కలిసి నడవడం కూడా ఇటువంటిదే. దానికి పెద్ద ఖర్చు లేదు. పద్మనాభస్వామి దర్శనం తల్లి కోసం, చెట్ల నీడ కొడుకు కోసం అనుకొని బయలుదేరినా, తిరిగి వచ్చేటప్పుడు ఆ లెక్క తారుమారు కావచ్చు.

మరొక మార్గం పరస్పరం నేర్పుకోవడం. కరోనా వ్యాధి వ్యాపించిన 2020లో కళాశాలలు మూతపడి పాఠాలు ఫోనులోనికి వచ్చాయి. పుస్తెలు కుదువపెట్టి, కూలి డబ్బు కూడబెట్టి కుమారులకు ఫోన్లు కొనిచ్చిన తల్లులను నేనెరుగుదును. ఆ ఫోనును ఎలా వాడాలో తల్లికి నేర్పిన కుమారులు మాత్రం కొందరే. బ్యాంకు ఖాతాలో ఎంత డబ్బు పడిందో చూసుకోవడం, దూరాన ఉన్న చెల్లెలి ముఖం చూస్తూ మాట్లాడడం, అవసరమైతే తన పేరును తాను వ్రాయడం ఆమెకు నేర్పండి. ఒకసారి చెప్పినది మరచిపోతే విసుగుకోకండి. మీకు అ ఆలు వచ్చేవరకు ఆమె ఎన్నిసార్లు పలికించిందో మీకు గుర్తులేదు, ఆమెకు గుర్తుంది.

బదులుగా ఆమె వద్ద నేర్చుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. పొడుపుకథలు, సామెతలు, బతుకమ్మ పాటలు, పంటల పేర్లు, మబ్బును బట్టి వాన రాకను చెప్పడం ఇవన్నీ ఆమె వద్ద ఉన్న గ్రంథాలయం. తాండూరు ప్రాంతంలో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం వినబడతాయి. బడికి పోని తల్లి సంతలో మూడు భాషలలో బేరమాడగలదు. రెండవ భాష పరీక్షకు వణికే కుమారుడు ఆమెను చదువురానిది అనుకోవడం ఎంత వింత! మీరు తెలుగు పాఠంలో చదివే పలుకుబడులు సగం ఆమె నోట సజీవంగా ఉన్నాయి. ఆమె మాట్లాడే తెలుగును విని సిగ్గుపడకండి. పుస్తకాల భాషకు ప్రాణం పోసింది అటువంటి నోళ్ళే.

ఫోను గురించి ఒక్కమాట. కుమారుడు ఫోను విడువడని తల్లులు ఫిర్యాదు చేస్తారు. అమ్మ ధారావాహికలు విడువదని కుమారులు అంటారు. ఇద్దరి మాటా నిజమే. కలిసి భోంచేసే ఆ ఒక్క గడియ టీవీని, ఫోనును ఇద్దరూ పక్కన పెట్టాలి. నియమం ఒక్కరికే అయితే శిక్షగా తోస్తుంది. ఇద్దరికీ అయితే ఒప్పందంగా నిలుస్తుంది.

చదువుకోసం హైదరాబాదు వసతిగృహాలలో ఉండే విద్యార్థులకు ఈ మాటలు ఎలా వర్తిస్తాయి? ఇక్కడ నాకు మదాలస కథ గుర్తుకు వస్తుంది. తిక్కన శిష్యుడైన మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణంలో ఈ కథ ఉన్నది. మదాలస తన నాల్గవ కుమారుడైన అలర్కునికి రాజధర్మాలన్నీ స్వయంగా బోధించింది. తాను అడవికి పోయే సమయంలో అతనికి ఒక ఉంగరం ఇచ్చి, సహింపరాని ఆపద వచ్చినప్పుడు అందులోని లేఖను చదువుకొమ్మని చెప్పింది. ఏళ్ళ తరువాత శత్రువులు చుట్టుముట్టిన వేళ అలర్కుడు దానిని తెరిచి, తల్లి మాటతో ధైర్యం పొందాడు. ఆ ఉంగరానికి అంత శక్తి ఎక్కడిది? బాల్యం నుండి వారిద్దరి మధ్య సాగిన సంభాషణ నుండే వచ్చింది. అది లేకపోతే ఆ లేఖ నాలుగు అక్షరాలే.

వసతిగృహానికి ఫోను చేసే తల్లులు మొదట అడిగే ప్రశ్న 'ఎన్ని మార్కులు?' అన్నది కాకూడదని నా విన్నపం. ఆ ప్రశ్న అడగడానికి కళాశాల ఉంది. ఇంటి దగ్గర గేదె ఈనిందని, ఎదురింటి తాతకు బాగా లేదని, గడపలో గులాబి పూసిందని చెప్పండి. ఇంట్లో తన స్థానం తనకోసం ఖాళీగా ఉందన్న నమ్మకం ఆ చిన్న మాటలే ఇస్తాయి. ఓడిపోయినా తిరిగి వెళ్ళడానికి ఒక ఇల్లు ఉందని తెలిసిన పిల్లవాడు అంత సులభంగా కుంగిపోడు.

నా అభిప్రాయాన్ని అంగీకరించని వారు ఉండవచ్చు. పిల్లల పెంపకం భారమంతా తల్లిమీదనే ఎందుకు మోపుతున్నారు, తండ్రి లేడా అని వారు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. తండ్రి కూడా ఇంటిపనిలో, మాటలో భాగస్వామి కావాలి. తండ్రి చీపురు పట్టని ఇంట్లో కుమారుడు చీపురు పట్టడానికి సిగ్గుపడతాడు. ఇక తల్లి లేని విద్యార్థులు, తల్లి దూరాన ఉన్న విద్యార్థులు ఈ తరగతిలోనూ ఉంటారు. వారికి అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, అక్క వీరిలో ఎవరో ఒకరు అన్నం పెట్టి ఎదురుచూస్తూ ఉంటారు. నేను చెప్పిన గడియ వారిది.

వ్యాసం మొదట్లో పేర్కొన్న విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. అతని తల్లి బండల యూనిట్లో పని చేస్తుంది. తల్లిదండ్రుల సమావేశానికి ఆమె వచ్చినప్పుడు అతడు ఆమెను గేటు దగ్గరే నిలిపి, ఒంటరిగా లోపలికి వచ్చాడు. ధూళి అంటిన చీరతో ఆమె చెట్టు కింద నిలబడి ఉండటం నేను కిటికీ నుండి చూశాను. బయటకు వెళ్ళి ఆమెను తీసుకొని వచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అతనిని ఏమీ అనలేదు. మరునాడు ఒక్కటే చెప్పాను: "వారం రోజులు రాత్రిపూట అమ్మకు రొట్టెలు చేయడంలో సాయపడు. తరువాత వచ్చి నాతో మాట్లాడు."

వారం గడిచిన తరువాత అతడు వచ్చాడు. మొదటి మూడు రోజులు రొట్టెలు విరిగిపోయాయట. నాలుగో రోజున అంచు పగలకుండా ఒక రొట్టె వచ్చిందట. "ఆ రోజు మా అమ్మ నవ్వింది సార్. ఏడో తరగతి దాకా చదివిందట. లెక్కలల్ల ఆమెకే ఫస్టు వచ్చేదట. నాకు ఇన్నేండ్లు తెల్వదు" అన్నాడు. కొంతసేపు ఆగి, అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలలో తాను తప్పిన సంగతి ఆ రాత్రే ఆమెకు చెప్పానన్నాడు. రెండు నెలలుగా ఇంట్లో దాచిన విషయమది. "ఏమన్నది?" అని అడిగాను. "కాయితం తెమ్మన్నది సార్. ఎక్కడ తప్పు పోయిందో చూద్దామన్నది."

విద్యార్థులారా! ఆ తల్లికి ఇంటర్మీడియట్ గణితం తెలిసి ఉండకపోవచ్చు. అయినా కొడుకు ఓడిన కాగితాన్ని అతనితో కలిసి చూడడానికి ఆమె సిద్ధపడింది. మీ ఇంట్లోనూ అటువంటి మనిషి ఒకరు ఉన్నారు. ఈ రాత్రి భోజనానికి ముందు పది నిమిషాలు, తరువాత పద్నాలుగు నిమిషాలు ఆమె పక్కన కూర్చోండి. చేతికి ఒక పని అందుకోండి. 'తిన్నావా?' అని ఆమె అడిగితే 'తిన్నాను' అని ఊరుకోకండి. 'నువ్వు తిన్నావా అమ్మా?' అని తిరిగి అడగండి.

అభ్యాసం

1. గాంధారి, విదుల తమ కుమారులతో మాట్లాడిన తీరులలోని భేదాన్ని వివరించండి.
2. 'తల్లికి సమయాన్ని ముందుగా ఇవ్వవలసినవాడు కుమారుడే' అన్న రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెల్పండి.
3. మదాలస ఇచ్చిన ఉంగరానికి శక్తి ఎక్కడ నుండి వచ్చిందని రచయిత భావించాడు?
4. మీ అమ్మ లేదా మిమ్మల్ని పెంచినవారు చిన్ననాడు ఏమి చదివారో, ఏమి కావాలనుకున్నారో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.